నార్మలైజేషన్‌.. గీసి చూస్తే గుట్టు తెలుస్తుంది!

మెగా డీఎస్సీ-2025లో 16,347 పోస్టులకు ఆన్‌లైన్‌ పరీక్షలు జూన్‌ 6న మొదలై విడతలవారీగా జరిగాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో టీచర్‌ కొలువు కోసం చదివేవారిలో చాలామందిది ఒకటే ప్రశ్న: ‘నాకు కష్టమైన పేపర్‌ పడింది. నార్మలైజేషన్‌లో న్యాయం జరిగిందా?’ జిల్లాకు ఒకే పేపర్‌ పెట్టాలన్న డిమాండ్‌ వచ్చిందీ ఇందుకే. దీన్ని మీరే స్ప్రెడ్‌షీట్‌లో పరీక్షించి చూడొచ్చు.

80 మార్కుల పరీక్ష రెండు సెషన్లలో జరిగిందనుకోండి. మొదటి దాంట్లో సగటు 40, స్టాండర్డ్‌ డీవియేషన్‌ 8. రెండో దాంట్లో 46, 10. మీకు మొదటి సెషన్‌లో 52 వచ్చాయి. మీ స్నేహితుడికి రెండో సెషన్‌లో 58. ఎవరు ముందు? మీరు సగటుకు 1.5 డీవియేషన్ల పైన ఉన్నారు, ఆయన 1.2 పైన. మార్కులు బెల్‌ కర్వ్‌లా ఉంటే మీ కింద సుమారు 93 శాతం మంది, ఆయన కింద 88 శాతం మంది. ఆరు మార్కులు తక్కువైనా ముందున్నది మీరే!

గీయడం ఇలా: మీ బ్యాచ్‌ మాక్‌టెస్ట్‌ మార్కులను ఒక కాలమ్‌లో చిన్న నుంచి పెద్దకు పేర్చండి. సగటు, డీవియేషన్‌ కట్టండి. పక్క కాలమ్‌లో ‘నార్మ్‌.డిస్ట్‌’ ఫంక్షన్‌ రాసి, చివర్లో ‘ఫాల్స్‌’ ఇవ్వండి. రెండు కాలమ్‌లూ ఎంచుకుని స్కాటర్‌ చార్ట్‌లో నున్నటి గీత పెడితే చాలు.

ఇక్కడే జాగ్రత్త. ఏ మార్కులిచ్చినా ఈ ఫంక్షన్‌ గంట ఆకారమే గీస్తుంది. అందుకే ముందు హిస్టోగ్రామ్‌ చూడండి. ఏళ్లుగా చదువుతున్నవారు ఒకచోట, కొత్తవారు మరోచోట గుమిగూడితే రెండు గుట్టలు కనిపిస్తాయి. అప్పుడు పై 93 శాతం లెక్క నిలబడదు.

అధికారిక సూత్రాలు వేరేగా ఉంటాయి. ఉదాహరణకు ఏపీ ఈఏపీసెట్‌ సూత్రంలో సగటు, డీవియేషన్‌తోపాటు సెషన్‌లో టాప్‌ 0.1 శాతం మంది సగటూ ఉంటుంది. సెషన్‌లో వెయ్యి మందే రాస్తే 0.1 శాతమంటే ఒక్కరే! ఆ ఒక్కరి మార్కులతో మిగతావారి మార్కులూ కదులుతాయి.

కాబట్టి ‘మార్కులు ఎందుకు తగ్గాయి’ అని మాత్రమే అడిగితే సరిపోదు. సెషన్‌లో ఎంతమంది రాశారు, సగటెంత, డీవియేషన్‌ ఎంత.. ఇవీ అడగండి. అభ్యంతరానికి అప్పుడే బలం.