అడగటం సులువైంది... మరి లెక్క చెప్పటం?

శుక్రవారం మధ్యాహ్నం నానక్‌రామ్‌గూడలో జుమా నమాజు ముగిసి జనం బయటికి వచ్చే వేళ కనిపించే దృశ్యం ఒకటుంది. ఒకప్పుడు మస్జిదు గుమ్మం వద్ద పరిచిన రుమాలు మీద నాణేలు, నోట్లు పడేవి. ఇప్పుడక్కడే అట్టముక్కకు అంటించిన క్యూఆర్ కోడ్ దర్శనమిస్తుంది. మెడలో కంపెనీ కార్డు వేలాడుతున్న యువకుడు చెప్పులు తొడుక్కుంటూనే ఫోను ఎత్తి, వంద రూపాయలు పంపి, డ్యూటీకి పరుగెత్తుతాడు. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడిందో, ఎవరి కడుపు నింపిందో అతడికి తెలియదు. తెలుసుకునే తీరికా ఉండదు.

ఒకనాటి రాళ్లగుట్టల ఊరు ఇప్పుడు అద్దాల మేడల నగరమైంది. అమెజాన్ సంస్థ 2019లో తన పెద్ద ప్రాంగణాన్ని ఇక్కడే తెరిచింది. అమెరికా కాన్సులేటు 2023లో ఇక్కడికే తరలివచ్చింది. అయితే ఈ మేడల గేట్ల దగ్గర కాపలా కాసేవారు, లోపల నేలలు తుడిచే తల్లులు, బయట క్యాబులు నడిపే అన్నదమ్ములు కూడా ఈ ప్రాంతంలోని వారే. పిల్లవాడి స్కూలు ఫీజు, తల్లి డయాలసిస్, ఇంటిపెద్ద పోతే కఫన్ ఖర్చు... ఇలాంటి అవసరాలు వారికి చెప్పి రావు. ఆ వేళ ఆదుకునేవి పెద్ద సంస్థలు కావు. నలుగురైదుగురు కలిసి నడిపే చిన్న చిన్న సేవాసంఘాలే. వాటికి కార్యాలయం ఉండదు, గుమాస్తా ఉండడు. అలాంటి సంఘాలకు ఫోను ద్వారా వచ్చే విరాళం నిజంగా ఒక వరం. ఈ మాట మేము మనస్ఫూర్తిగా అంటున్నాము.

ఈ సౌకర్యం వెనుక మన హైదరాబాదు వాటా కూడా ఉంది. రిజర్వు బ్యాంకు 1996లో ఇక్కడ నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థ 2004లో బ్యాంకుల ఏటీఎంలను కలిపే వ్యవస్థను ప్రారంభించింది. తర్వాత దాని నిర్వహణ చేపట్టిన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషనే 2016లో యూపీఐని తెచ్చింది. అంతకుముందే మిలాప్, కెట్టో వంటి వేదికలు ఆన్‌లైన్‌లో చందాలు సేకరించటం మొదలుపెట్టాయి. 2020లో లాక్‌డౌన్ విధించినప్పుడు ఇదంతా ఎంత అక్కరకు వచ్చిందో మనం చూశాం. వలస కూలీలతో దేశంలోనే మొదటి ప్రత్యేక రైలు ఆ ఏడాది మే 1న మన లింగంపల్లి నుంచే ఝార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. గడప దాటలేని ఆ రోజుల్లో ఇంట్లో కూర్చున్నవారు ఫోనులోనే సాయం పంపారు. వీధిలోకి వెళ్లగలిగినవారు దానితో బియ్యం, పప్పు కొని పంచారు.

కాబట్టి పరికరాన్ని తప్పుపట్టటం మా ఉద్దేశం కాదు. మా ప్రశ్న ఒక్కటే. అడగటం ఇంత సులువైన ఈ కాలంలో లెక్క చెప్పటం కూడా అంత సులువు కావాలి కదా! ఎందుకు కాలేదు?

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ముజర్ తెగకు చెందిన కొందరు నిరుపేదలు ఒంటినిండా బట్టలైనా లేకుండా మదీనా వచ్చారు. వారి దుస్థితి చూసి దైవప్రవక్త (స) ముఖకవళికలు మారిపోయాయి. నమాజు తర్వాత ఆయన ప్రజలను ఉద్దేశించి ప్రసంగించారు. ఖర్జూరపు ముక్కైనా సరే, ఎవరికి చేతనైనంత వారు ఇవ్వాలన్నారు. అన్సారులలో ఒకరు చేతితో మోయలేనంత పెద్ద సంచి తెచ్చారు. ఆయనను చూసి మిగతావారు కదిలారు. చూస్తూండగానే ఆహారం ఒక కుప్ప, బట్టలు ఒక కుప్ప పోగయ్యాయి. ప్రవక్త (స) ముఖం ఆనందంతో వెలిగిపోయింది.

ఇందులో ఒక విషయం గమనించండి. ఆ కుప్పలు అందరి కళ్లముందే ఉన్నాయి. అవసరం ఎవరిదో, వచ్చినదెంతో అక్కడివారంతా చూశారు. నేటి కుప్ప ఫోనులో ఉంది. సేకరించేవాడికి తప్ప అది మరెవరికీ కనబడదు. దాన్ని మళ్లీ అందరికీ కనబడేలా చేయటమే ఈనాటి మన బాధ్యత.

మన పెద్దలు ఈ సంగతి ఎరిగినవారే. రమజాను నెలలో మదర్సాల తరఫున వచ్చే సఫీర్ల చేతిలో రసీదు పుస్తకంతో పాటు తస్దీఖ్‌నామా కూడా ఉండేది. ఫలానా మదర్సా నిజంగా ఉందని, అక్కడ ఇంతమంది పిల్లలు చదువుతున్నారని తెలిసిన ఉలమాలు సంతకం పెట్టి ఇచ్చిన పత్రమది. పది రూపాయలు ఇచ్చినా రసీదు చింపి చేతిలో పెట్టేవారు. నేడు వాట్సాప్‌లో వచ్చే పోస్టరుకు తస్దీఖు ఎవరు చేశారు? చాలా పోస్టర్ల మీద తేదీ ఉండదు. అవసరం ఎప్పుడో తీరిపోయినా, రోగి కన్నుమూసినా ఆ పోస్టరు మాత్రం ఒక గ్రూపు నుంచి మరో గ్రూపుకు తిరుగుతూనే ఉంటుంది. కింద ఉన్న ఖాతా ఏ సంఘానిదీ కాదు, ఎవరో ఒక వ్యక్తిది. అతడు నిజాయితీపరుడే కావచ్చు. కానీ సొంత జీతం, సంఘం చందా, జకాతు ఒకే ఖాతాలో కలిసిపోతే రేపు ఆయనే విడదీయలేడు.

ప్రవక్త (స) ఒక వ్యక్తిని జకాతు వసూలుకు పంపారు. అతడు తిరిగి వచ్చి, ఇది మీకు, ఇది నాకు కానుకగా వచ్చింది అని రెండు భాగాలు చూపాడు. ప్రవక్త (స) ఆగ్రహించారు. అతడు తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చి ఉండేదా అని అందరి ఎదుట నిలదీశారు. వసూలు చేసే వారికి జకాతులో భాగం ఉందని దివ్యఖుర్‌ఆన్ తౌబా సూరాలో తెలిపింది. కనుక ఖర్చులు తీసుకోవటం నేరం కాదు. చెప్పకుండా తీసుకోవటమే నేరం. కొన్ని ఆన్‌లైన్ వేదికలు రుసుము లేదంటూనే టిప్పు పేరుతో కొంత మొత్తాన్ని ముందే కలిపి చూపిస్తాయి. ఇచ్చేవారు ఆ అంకె చూసుకోవాలి. అది జకాతులో లెక్కకు రాదని గ్రహించాలి.

మరొక బాధాకరమైన విషయం పేదల ముఖాలు. మంచం మీది పసిబిడ్డ, ఏడుస్తున్న వితంతువు, రేషను సంచి అందుకుంటూ తలవంచుకున్న వృద్ధుడు. ఫొటో లేనిదే డబ్బు రాదంటారు నిర్వాహకులు. బహిరంగంగా ఇవ్వటం మంచిదే, పేదలకు గుప్తంగా ఇవ్వటం ఇంకా మేలని ఖుర్‌ఆన్ బోధిస్తోంది. ఆత్మాభిమానంతో చేయి చాచని వారి గురించి ప్రత్యేకంగా ప్రస్తావించింది. ఆ వృద్ధుడి మనవడు రేపు తన స్నేహితుడి ఫోనులో ఆ ఫొటో చూస్తే ఏమవుతాడు? ఆసుపత్రి కాగితాలను కమిటీలో ఇద్దరు బాధ్యులు చూస్తే చాలు. పోస్టరులో అవసరం, మొత్తం, గడువు ఉంటే చాలు. రోగి సమ్మతితో సొమ్మును నేరుగా ఆసుపత్రి బిల్లుకే కట్టవచ్చు.

సంఘాల బాధ్యులకు మా విన్నపం ఇది. సంఘం పేరుతోనే ఖాతా తెరవండి. జకాతుకు వేరే ఖాతా ఉంచండి. కావలసినది సమకూరగానే, ఇక పంపవద్దని అవే గ్రూపుల్లో ప్రకటించండి. నెలకొకసారి జమాఖర్చులు ఒక్క కాగితం మీద రాసి మస్జిదు బోర్డుకు అంటించండి. అప్పు ఇచ్చిపుచ్చుకుంటేనే రాసి పెట్టుకోమన్న ధర్మం మనది. పేదల సొమ్ముకు రాత అక్కరలేదా? విదేశాల నుంచి వచ్చే విరాళాల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. భారత పాస్‌పోర్టు గలవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. కానీ అమెరికా పౌరసత్వం తీసుకున్న మన పిల్లలు సంఘానికి పంపేది విదేశీ విరాళమే అవుతుంది. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేని సంఘం దాన్ని స్వీకరించరాదు. మంచి పని చేయబోయి చిక్కుల్లో పడవద్దు.

ఇచ్చేవారికీ ఒక మాట. కోడ్ స్కాన్ చేశాక తెరపై కనిపించే పేరు చదవండి. అసలు కోడ్ మీద మరొకటి అంటించే మోసగాళ్లున్నారు. డబ్బు అందుకోవటానికి పిన్ నొక్కనక్కరలేదని ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పండి. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయండి. ముందుగా మన గల్లీలోని అవసరాన్ని చూడండి. దానికి తస్దీఖు మన కళ్లే.

ఒక మోసం బయటపడితే నష్టపోయేది మోసగాడు కాదు. ఆ తర్వాత నిజమైన అవసరంతో చేయి చాచే తల్లి. నమ్మకం చెడిపోయిన చోట ఆమె మాట ఎవరూ వినరు. అందుకే ఈ సొమ్ము అమానతు. ధనం ఎలా వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అని ప్రళయదినాన మనల్ని తప్పక అడుగుతారు. ఆ రోజు చెప్పవలసిన లెక్కను ఈ శుక్రవారం నుంచే రాయటం మొదలుపెడదాం. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.