గట్టు లోపలుండాలా, బయటుండాలా?

ఈ మధ్య మా హుజూరాబాద్‌లో ఎవరింటికెళ్లినా ముందు కిటికీలు చూపిస్తున్నారు. పాత టేకువి పీకేసి తెల్లటి యూపీవీసీవి పెట్టించారట. పోయిన ఎండాకాలం మేమూ పెట్టించాం. వానలు పడేదాకా నేనూ మురిసినదాన్నే.

మాది మట్టి గోడల పెంకుటిల్లు. గోడ మందం 18 అంగుళాలు, కొత్త ఫ్రేము మందం రెండున్నర. మిగిలిన పదిహేనున్నర అంగుళాల గట్టు లోపలికి రావాలా, బయటికి పోవాలా? ఇల్లు ఊడ్చేది, కిటికీలు తుడిచేది, వానొస్తే ఉరికి మూసేది నేను. నన్నెవరూ అడగలేదు. ఫిట్టింగ్ అబ్బాయీ మా ఆయనా చాయ్ తాగేలోపే తేల్చేశారు. లోపలి గోడకు సమానంగా పెడితే "నీట్‌గా ఉంటది మేడమ్" అట.

నీట్‌గానే ఉంది. కానీ ఆ గట్టు మా అత్తమ్మది. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని మనిషి. అక్కడే కూర్చుని చింతపండు గింజలు తీసేది, బజార్ల పోయేవాళ్లను పేరు పెట్టి పిలిచేది. ఇప్పుడా గట్టు అద్దం అవతల పావురాలకు పనికొస్తోంది. తుడుద్దామంటే జరిపే కిటికీ, సగమే తెరుచుకుంటుంది. రెండో సగం మూలకు నా చెయ్యి అందదు. పాత రెక్కలు రెండూ బార్లా తెరుచుకునేవి, గాలీ అంతే వచ్చేది.

జులైలో వాన పట్టింది. వాటం లేని గట్టు మీద నీళ్లు నిలిచి మట్టి గోడలోకి దిగాయి. అత్తమ్మ మంచం పక్కన సున్నం ఉబ్బి రాలింది.

కిటికీ లోపలికుంటే అద్దం మీద ఎండ తక్కువ పడుతుంది కదా అంటారు. నిజమే, పడమటి గోడకైతే నేనూ ఒప్పుకుంటా. కానీ అప్పుడు బయటి గట్టుకు బయటికి వాటమివ్వాలి. పైన పరిచే బండ గోడ దాటి రెండంగుళాలు ముందుకు రావాలి, దాని అడుగున సన్నటి గాడి కొట్టాలి. లేకుంటే నీటి చుక్క బండ కిందుగా వెనక్కి పాకి గోడనే పట్టుకుంటుంది. ఇది మేస్త్రికి తెలియని విద్యేం కాదు, మనం అడగందే చెయ్యడు. మిగతా గోడలకు, పైన సజ్జ ఉంటే, బయటి అంచు నుంచి రెండు మూడంగుళాలు లోపలికి పెడితే చాలు. గట్టు ఇంట్లోనే ఉంటుంది.

ఇంకోటి. పాత టేకు చట్రం గట్టిగా ఉంటే పీకనివ్వకండి. మాది చెదలు పట్టని చట్రం, పాత సామాన్లాయనకు పోయింది. మట్టి గోడలో స్క్రూ పట్టదు. ఆ చెక్కకే కొత్తది బిగిస్తే కదలకుండా నిలిచేది. మా ఫ్రేము ఇప్పుడు నురుగు మీద నిలబడింది, గాలి వీస్తే గడగడమంటుంది. కొలత కూడా ఒక్కచోట తీసి ఊరుకోనివ్వకండి. పాత గోడలు వంకర, పైనా నడుమా కిందా కొలిచి తక్కువది తీసుకోవాలి.

"ఆడోళ్లకు ఇవన్నీ ఎందుకు" అని మా ఆయన అన్నారు. బకెట్టూ గుడ్డా చేతికిచ్చాను.

దసరా తర్వాత కిటికీ విప్పి బయటికి జరిపిస్తున్నాం. ఖర్చు రెండోసారి. అత్తమ్మ అప్పుడే బొంత మడిచి పెట్టుకుంది, గట్టు మీద వేసుకోవడానికి.