జ్వరం కూడా ఉంటే నొప్పి సూదితో సరిపెట్టొద్దు

ఏజెన్సీలో సికిల్ సెల్ ఉన్న పిల్లల ఇళ్లలో నొప్పులు కొత్తేమీ కావు. కొడవలిలా వంగిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. రక్తం అందక ఎముక లోపల కొంత మేర చచ్చిపోతుంది. సెలైన్ పెట్టి, నొప్పి సూది వేస్తే నాలుగైదు రోజుల్లో బిడ్డ లేచి తిరుగుతుంది. చాలాసార్లు జరిగేది ఇదే కాబట్టి తల్లిదండ్రులకూ, ఆసుపత్రి సిబ్బందికీ అలవాటైపోయింది. నా భయమంతా ఆ అలవాటు గురించే.

చచ్చిన ఎముకలో బ్యాక్టీరియా చేరి చీము పట్టినా మొదట్లో అచ్చం ఇలాగే ఉంటుంది. రక్తంలోకి వచ్చిన క్రిములను వడకట్టాల్సిన ప్లీహం ఈ పిల్లల్లో చిన్న వయసులోనే దెబ్బతింటుంది. పేగుల గోడల్లోనూ నాళాలు మూసుకుపోతుంటాయి. కలుషితమైన నీటితోనో తిండితోనో కడుపులోకి పోయిన సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా అక్కడి నుంచి రక్తంలోకి, రక్తం నుంచి ఎముకలోకి చేరుతుంది. మామూలు పిల్లల్లో ఎముక చీముకు ఎక్కువగా స్టెఫైలోకాకస్ కారణం. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో మాత్రం సాల్మొనెల్లాను తప్పక అనుమానించాలి.

మోకాలి కింద ఒక్కచోటే వాచి, చెయ్యి వేస్తే కాలుతూ, దుప్పటి తగిలినా బిడ్డ కెవ్వుమంటుంటే అది మామూలు నొప్పి అనుకోకూడదు. ఎక్స్‌రే తీశాం, బాగానే ఉందంటారు. ఎముకలో చీము పట్టిన మార్పులు ఎక్స్‌రేలో కనిపించడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మూడో రోజు ఎక్స్‌రేను చూసి ధైర్యపడితే ఎలా? తెల్లకణాలు మామూలు సికిల్ నొప్పిలోనూ, చీము పట్టినప్పుడూ పెరుగుతాయి. ఎమ్మారై కూడా ఒక్కోసారి తేల్చి చెప్పలేదు. అందుకే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే బ్లడ్ కల్చర్‌కు, అంటే రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్షకు, రక్తం తీయాలి, వాపులో చీముంటే సూదితో లాగి పరీక్షకు పంపాలి. క్రిమి ఏదో తెలిస్తే సరిగ్గా పనిచేసే మందు ఎంచుకోవచ్చు. ఆ మందు వారాల తరబడి, తరచు నాలుగు నుంచి ఆరు వారాలు వాడాలి. తుంటి కీలులో చీము చేరితే అంత సమయం కూడా ఉండదు. వెంటనే శుభ్రం చేయకపోతే కొద్ది రోజుల్లోనే మృదులాస్థి కరిగి బిడ్డ జీవితాంతం కుంటుతుంది.

సికిల్ సెల్ నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న షహడోల్‌లో జాతీయ మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది లక్ష్యం. మంచి పని, కాదనను. కానీ పరీక్ష చేసి, చేతికి సికిల్ సెల్ కార్డు ఇచ్చిన బిడ్డకు జ్వరంతో కాలు వాచిన రాత్రి ఏం దొరుకుతుంది? ఐటీడీఏల (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థల) పరిధిలోని ప్రతి ఏరియా ఆసుపత్రిలో బ్లడ్ కల్చర్ సీసాలు ఉండాలి, నమూనా ల్యాబ్‌కు చేరే ఏర్పాటు ఉండాలి. ఆశ్రమ పాఠశాలల్లో తాగునీరు శుభ్రంగా ఉండటం ఈ పిల్లలకు వైద్యంలో భాగమే. ఐదేళ్లలోపు వాళ్లకు రోజూ పెన్సిలిన్ ఇవ్వాలి, న్యుమోకాకల్, టైఫాయిడ్ టీకాలు వేయించాలి.

తల్లిదండ్రులకూ, హాస్టల్ వార్డెన్లకూ ఒక మనవి. సికిల్ సెల్ ఉన్న బిడ్డకు జ్వరం వస్తే మాత్రలతో తెల్లారే దాకా ఆగకండి. కార్డు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి, కల్చర్‌కు రక్తం తీశారా అని అడగండి. ఆ సౌకర్యం లేదంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టించి, అది ఉన్న ఆసుపత్రికి వెంటనే పంపమని పట్టుబట్టండి.