నేను జిమ్‌ని అనుకున్నా!

సాఫ్ట్‌వేరు వాళ్ళు నలుగురు చేరిన చోట 'ద ఆఫీస్' సీరియల్ మాటొస్తే ఒక వింత జరుగుతుంది, ఎప్పుడైనా గమనించారా? అందరి మేనేజరూ మైకేల్ స్కాటే. అందరి పక్కసీటువాడూ డ్వైటే. చెప్పేవాడు మాత్రం ప్రతిసారీ జిమ్! "నేను డ్వైట్‌ని" అని ఒప్పుకున్న మనిషి ఇన్నేళ్ళలో నాకొక్కడూ తగల్లేదు. మరి ఇంతమంది జిమ్‌లు ఉంటే ఆ డ్వైట్లందరూ ఎక్కడ పనిచేస్తున్నట్టు?

చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇది మొదట బ్రిటన్‌ది. 2001లో రికీ జెర్వైస్, స్టీఫెన్ మర్చంట్ కలిసి బీబీసీకి తీసి, పద్నాలుగు భాగాలకే బుద్ధిగా ఆపేశారు. అమెరికాలో ఎన్‌బీసీ వాళ్ళు 2005 మార్చిలో మొదలుపెట్టి 2013 మే దాకా 201 ఎపిసోడ్లు లాగారు. (లాగారు అన్నందుకు అభిమానులు కోప్పడకండి. మైకేల్ వెళ్ళిపోయాక వచ్చిన ఎనిమిదో సీజను నేను మూడో ప్రయత్నంలో గానీ పూర్తి చెయ్యలేకపోయాను.) 2019లో హిందీలో కూడా వచ్చింది. నేను మాట్లాడేది అమెరికా దాని గురించే. పెన్సిల్వేనియాలో స్క్రాంటన్ అనే ఊళ్ళో డండర్ మిఫ్లిన్ అనే కాగితాల కంపెనీ బ్రాంచి. పెద్ద పెద్ద స్టోర్ల పోటీకి రేపో మాపో మూతపడేలా ఉంటుంది. వాళ్ళ మధ్య ఒక డాక్యుమెంటరీ కెమెరా తిరుగుతూ ఉంటుంది. అంతే కథ.

కథ అంతే గానీ మనుషులున్నారే, వాళ్ళు మాత్రం అచ్చు మనవాళ్ళు. స్టాన్లీని చూడండి. మీటింగు ఏదైనా సరే, చేతిలో గళ్ళనుడికట్టు ఉండాల్సిందే. 2006లో వచ్చిన ఒక ఎపిసోడ్లో బ్రాంచి మూసేస్తారని తెలిస్తే మిగతావాళ్ళు బెంగపడుతుంటే ఈయన మొహం వెలిగిపోతుంది. చేతికొచ్చే డబ్బుతో హాయిగా రిటైరైపోవచ్చని! చివరికి మూసేది వేరే బ్రాంచినని తేలాక ఆయన మొహం చూడాలి. ఇక క్రీడ్. ఆయన అక్కడ ఏం చేస్తాడో చాలాకాలం ఎవరికీ తెలీదు. తీరా చూస్తే ఆయనగారిది క్వాలిటీ అష్యూరెన్సు! టెస్టింగులో ఉన్న మిత్రులు క్షమించాలి, 2007లో వచ్చిన 'ప్రోడక్ట్ రీకాల్' ఎపిసోడ్ నాకు కామెడీలా అనిపించదు. కాగితం మీద బూతు బొమ్మ వాటర్‌మార్కుగా పడి కస్టమర్లకు వెళ్ళిపోతుంది. ఆ వారం మిల్లుకెళ్ళి చెక్ చెయ్యాల్సింది క్రీడ్, వెళ్ళలేదు. తప్పు మిల్లులో పనిచేసే ఒకావిడ మీదకి నెట్టి ఆవిడ ఉద్యోగం పీకించేస్తాడు. పైగా ఆవిడకి సాయం చేద్దామని ఆఫీసులో చందాలు పోగుచేసి ఆ డబ్బూ తనే నొక్కేస్తాడు. ప్రొడక్షన్లో బగ్గు దొరికిన రోజు మన కాన్ఫరెన్స్ కాల్స్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

అన్నట్టు, కెల్లీ కపూర్‌గా వేసిన మిండీ కేలింగ్ ఈ సీరియల్ రచయితల్లో ఒకరు. 2006లో వచ్చిన దీపావళి ఎపిసోడ్ ఆవిడ రాసిందే. ఆమె తల్లిదండ్రుల్లో తండ్రి తమిళుడు, తల్లి బెంగాలీ. అమెరికా టీవీలో మన పండగని సరదాగా చూపించిన తొలి రోజుల మాట కాబట్టి అప్పట్లో మావాళ్ళు తెగ ముచ్చటపడ్డారు.

సరే, జిమ్ దగ్గరికొద్దాం. జిమ్ తెలివైనవాడు. చేసే పని తన స్థాయికి తక్కువని అతనికి తెలుసు. ఇది నా కెరీర్ అనుకోవాల్సొస్తే బతకలేను అన్నట్టు మొదటి సీజన్లోనే చెబుతాడు. అందుకని పక్కసీట్లో ఉన్న డ్వైట్‌ని ఏడిపిస్తూ పొద్దుపుచ్చుతాడు. స్టేప్లర్‌ని జెల్లీలో పెట్టేస్తాడు, బల్లని బాత్‌రూములోకి చేరుస్తాడు, ఒకరోజు డ్వైట్ లాగే డ్రెస్సేసుకుని వచ్చి కూర్చుంటాడు. చేశాక కెమెరా వైపు ఒక చూపు చూస్తాడు. ఆ చూపే కొంప ముంచింది. అది నేరుగా మన కళ్ళలోకి చూస్తుంది కదా, మనం వెంటనే అతని పార్టీ అయిపోతాం. డ్వైట్ కూడా కెమెరాతో మాట్లాడతాడు గానీ, అతను చెప్పేది ఎలుగుబంట్ల గురించీ తన బీట్‌రూట్ పొలం గురించీ. కంపెనీలో అందరికన్నా ఎక్కువ సరుకు అమ్మేది అతనే అన్న సంగతి నవ్వుల్లో కొట్టుకుపోతుంది.

డ్వైట్ మహానుభావుడని నేననటం లేదు. హెల్త్ ఇన్సూరెన్సు ప్లాను ఎంచే పని అప్పగిస్తే అందరి సౌకర్యాలకీ కత్తెరేస్తాడు. ఏంజెలా పిల్లిని ఫ్రీజర్లో పెట్టి చంపేస్తాడు. ఫైర్ డ్రిల్లు పేరుతో నిజంగానే మంట పెడితే స్టాన్లీకి గుండెపోటొస్తుంది. ఇలాంటివాడితో పనిచెయ్యడం నరకమే, కాదనను. నా బాధల్లా మనం ఎక్కడ కూర్చుని నవ్వుతున్నాం అన్నదాని గురించి.

2008లో నేను హైదరాబాదులో ఒక ప్రాజెక్టులో ఉండేవాణ్ణి. టీములో ఒకడి హార్డ్ డిస్కులో ఈ సీరియల్ మూడు సీజన్లూ ఉండేవి, ఒకరి తర్వాత ఒకరం కాపీ చేసుకున్నాం. మా దగ్గరా ఒక డ్వైట్ ఉండేవాడు. నాకన్నా ఐదేళ్ళు పెద్ద. పల్నాడు వైపు సొంత ఊరు, ఇంటి దగ్గర మిరపచేను. శుక్రవారం రాత్రి బస్సెక్కి సోమవారం పొద్దున్న నేరుగా ఆఫీసుకొచ్చేవాడు. క్యాంటీనులో కూడా మెళ్ళో ఐడీ కార్డు తీసేవాడు కాదు. టైంషీటు గురువారమే నింపేసేవాడు. కోడ్ రివ్యూకి ఇస్తే ఖాళీ లైన్లు కూడా లెక్కపెట్టి తిప్పికొట్టేవాడు. మేం 'రూల్‌బుక్కు బాబాయ్' అని పేరు పెట్టాం. ఇక జిమ్ ఎవరో వేరే చెప్పాలా! ఆయన మౌసు కింద టేపు అంటించాను. డెస్క్‌టాపుని ఫోటో తీసి దాన్నే వాల్‌పేపరుగా పెట్టి, అసలు ఐకాన్లు దాచేశాను. ఆడిట్ ఉందని దొంగ మెయిలు పంపితే పాపం శనివారం ఊరికి వెళ్ళకుండా వచ్చి ఫైళ్ళు సర్దుకున్నాడు. ఎదురుగా కెమెరా లేకపోయినా, పక్క క్యూబికల్ వైపు ఆ చూపు చూసేవాణ్ణి నేను కూడా.

2009 మొదట్లో క్లయింటు టీము తగ్గించాడు. మా డ్వైట్ పేరు లిస్టులో ఉంది, నా పేరు లేదు. ఎందుకో నాకిప్పటికీ తెలీదు. ఆయన మాత్రం ఆఖరి రోజు దాకా పద్ధతిగా హ్యాండోవరు డాక్యుమెంటు తయారుచేశాడు. దాన్లో రాత్రిపూట వచ్చిన సపోర్టు కాల్స్ షీటొకటి. ఒక కాలమ్‌లో 'డ్యూటీ ఎవరిది', పక్క కాలమ్‌లో 'ఎవరు చూశారు'. మేనేజరు దాన్ని ప్రొజెక్టరు మీద వేసి కిందికి జరుపుతూ పోతున్నాడు. డ్యూటీ కాలమ్‌లో నా పేరు, చూసిన కాలమ్‌లో ఆయన పేరు. మళ్ళీ నా పేరు, ఆయన పేరు. ఫోను సైలెంటులో పెట్టి పడుకున్న రాత్రులన్నమాట అవి. పొద్దున్న లేచి చూసుకుంటే కాల్ ఎవరో ఎత్తేసి ఉండేవారు, నేనెప్పుడూ ఎవరని అడగలేదు. ఆయన నా మీద ఫిర్యాదు చెయ్యలేదు. కక్షతో రాసిందీ కాదు. ఫార్మాట్‌లో ఆ కాలమ్ ఉంది కాబట్టి నింపాడు. రూములో ఎవరూ ఏమీ అనలేదు. మేనేజరు గొంతు సవరించుకుని తర్వాతి షీటుకెళ్ళాడు.

రెండో సీజన్లో 'కాన్‌ఫ్లిక్ట్ రిజల్యూషన్' అని ఒక ఎపిసోడ్ ఉంది, 2006 మేలో వచ్చింది. నేను అంతకుముందే చూసి పడీపడీ నవ్వినదే. జిమ్ మీద డ్వైట్ ఏళ్ళ తరబడి ఇచ్చిన ఫిర్యాదుల్ని టోబీ పైకి పంపకుండా ఒక పెట్టెలో పడేసి ఉంచుతాడు. ఆ సంగతి బయటపడి, అవన్నీ జిమ్ ముందు ఒక్కోటీ చదువుతారు. మొదట్లో జిమ్ నవ్వుతుంటాడు. లిస్టు సాగేకొద్దీ నవ్వు తగ్గిపోతుంది. ఇన్నేళ్ళూ నేను చేసింది ఇదా అన్నట్టు కూర్చుంటాడు. తర్వాతి ఎపిసోడ్లో వేరే ఊరికి బదిలీ పెట్టుకున్నట్టు తెలుస్తుంది. పామ్ కారణం ఉందనుకోండి, కానీ ఈ లిస్టు కూడా కారణమేనని నా నమ్మకం. అంటే రాసినవాళ్ళకి ముందునుంచీ తెలుసన్నమాట, జిమ్ వైపు నిలబడి నవ్వుతున్న మనకే తెలీదు. చివరి ఎపిసోడ్లో డ్వైట్ మేనేజరు. జిమ్, పామ్ ఉద్యోగం మానేస్తామని చెబితే, రాజీనామా తీసుకోకుండా తనే తీసేసినట్టు చూపిస్తాడు, వాళ్ళకి నష్టపరిహారం డబ్బు రావాలని. రూల్సు అంత బాగా తెలిసినవాడికి తప్ప ఇంకెవరికి తడుతుంది ఆ ఆలోచన!

మొన్న మా మేనల్లుడు ఉద్యోగంలో చేరాడు. ఈ సీరియల్ ఇప్పుడే మొదలెట్టాడట, "మామయ్యా, మా టీములో ఒక డ్వైట్ ఉన్నాడు" అని ఫోను చేశాడు. నేను విని ఊరుకున్నాను. ఆ రాత్రి పాత నంబరు వెతికి మా డ్వైట్‌కి మెసేజ్ పెట్టాను. ఆ రోజుల్లో పదకొండు రాత్రులు నా కాల్స్ మీరు చూశారు, థాంక్స్ కూడా చెప్పలేదు, సారీ అండీ, అని.

పొద్దున్న ఆరింటికి జవాబొచ్చింది. "పదకొండు కాదు, పదమూడు. రెండు ఆ షీటు ఫ్రీజ్ చేశాక వచ్చాయి. ఈసారి మిర్చి బాగా పండింది. కారం కావాలంటే అడ్రసు పంపు, పిన్‌కోడ్ మర్చిపోకు."