నేల మీద గీసిన సముద్రం

అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గాముల్ని ఎలా ఎదుర్కొన్నారని అడిగితే మనం రాడార్, సోనార్, ఎనిగ్మా అని టకటకా చెప్పేస్తాం. తప్పేం కాదు. కానీ ఆ లిస్టులో సుద్దముక్క కూడా ఉండాలని నా వాదన.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌కి తిండి, చమురు తెచ్చే సరుకు నౌకలు గుంపులుగా వెళ్లేవి. చుట్టూ కాపలా నౌకలు. అయినా గుంపు మధ్యలో ఉన్న నౌకలే టార్పెడో తగిలి మునిగిపోయేవి. ఎలా?

1942లో లివర్‌పూల్‌లో గిల్బర్ట్ రాబర్ట్స్ అనే నేవీ అధికారి ఒక గది నేలనే సముద్రంగా చేసి, బొమ్మ నౌకలతో ఆ దాడుల్ని మళ్లీ ఆడించాడు. ఆయన టీమ్‌లో చాలామంది మన వయసు అమ్మాయిలే. ఆటలో తేలిందేంటంటే, జలాంతర్గామి బయట నుంచి కొట్టట్లేదు. రాత్రిపూట నీటిపైనే తేలుతూ వెనక నుంచి గుంపులోకి దూరుతోంది. నీటి లోపల వెతికే సోనార్‌కి అప్పుడది సరిగా చిక్కదు. కొట్టాక మునిగి, నౌకలన్నీ దాటిపోయేదాకా ఆగుతుంది. కాపలా నౌకలేమో బయట వెతుకుతున్నాయి!

అలా వెనకవైపు వెతికే కొత్త వ్యూహం పుట్టింది. దానికి ‘రాస్ప్‌బెర్రీ’ అని పేరు పెట్టింది ఆ టీమ్‌లోని జీన్ లెయిడ్‌లా. తర్వాత వేలమంది అధికారులు ఆ నేల మీదే పాఠం నేర్చుకున్నారు.

మనమేమో ప్రాజెక్ట్ అనగానే సెన్సర్లు ఆర్డర్ పెట్టేస్తాం. అవి ఎటు చూడాలో ఆలోచించేది రివ్యూ ముందు రోజు రాత్రి. ఇప్పుడు పోయేది మార్కులే కాబట్టి సరిపోతోంది. రేపు మనం కట్టే వంతెనల దగ్గర అలా కుదరదు.