రాతి గోడలూ, గొర్రెల మందా

పాత ఇళ్ళను గూర్చి మాట్లాడేటప్పుడు మనం తరచుగా గోడల వయసు లెక్కపెడతాం. ఆ గోడల నడుమ ఏ పని సాగేదో అడగడం మరచిపోతాం. ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో, నియర్ సోరీ అనే పల్లెలో ఉన్న హిల్ టాప్ అనే రాతి ఇల్లు ఈ మరుపును ఎత్తిచూపుతుందని నా అభిప్రాయం.

అది పదిహేడవ శతాబ్దపు రైతు ఇల్లు. గోడలకు ఆ సీమ రాయి, కప్పుకు ఆ సీమ పలకరాయి. వానలు విపరీతంగా కురిసే చోటు గనుక గోడలకు బయట గరుకైన పూత. వాకిటి పంచ సైతం నిలువునా నిలిపిన పెద్ద రాతి పలకలే. తలుపు దాటగానే నాపరాళ్ళు పరచిన గది, అందులో ఇంటిల్లిపాదీ చుట్టూ చేరే పొయ్యి. బయటినుంచి చూస్తే గొప్ప చాటే ఆర్భాటమేదీ కనబడదు. చలికీ, వానకీ, చాకిరీకీ తలవంచి కట్టిన కట్టడమది.

పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ 1905లో దీనిని కొన్నారు. అప్పటికే జాన్ కానన్ కుటుంబం అక్కడ ఉంటూ సేద్యం చూసుకుంటున్నది. ఆమె వారిని పంపివేయలేదు. 1906లో పాత ఇంటికి ఆనించి వారికోసం కొత్త భాగం కట్టించారు. పాత గోడలకున్న గరుకు పూతే దానికీ, పలకరాతి కప్పే దానికీ. తన పేరు పొడి అక్షరాలనూ, ఆ సంవత్సరాన్నీ గోడమీద పెట్టించారు. పాత భాగాన్ని తన రాతకోసం ఉంచుకున్నారు. 1908లో వెలువడిన ఎలుకల కథకు ఆ ఇల్లే రంగస్థలం.

పురాతన కట్టడం చెక్కుచెదరకుండా ఉండాలనేవారికి ఇటువంటి చేర్పులు కంటగింపు. నాకు మాత్రం ఆ ఇంటిలో అన్నిటికన్న నిజాయితీ గల భాగం అదేననిపిస్తుంది. రైతు ఇల్లు ఏనాడూ ఒక్కసారిగా పూర్తికాదు. మనుషులు పెరిగితే గది, పశువులు పెరిగితే కొట్టం. పెరగడం ఆగిన నాడే అది బొమ్మరిల్లవుతుంది.

"తన గదులను ఉన్నవున్నట్టుగా ఉంచమని కోరినదీ ఆమే కదా" అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. 1943లో మరణించిన పాటర్, హిల్ టాప్‌ను నేషనల్ ట్రస్టుకు రాసి ఇచ్చారు. 1946నుంచి జనం ఆ గదులను చూస్తున్నారు. అయితే అదే వీలునామాతో 4,000 ఎకరాలకు పైగా భూమినీ, పదికి మించిన వ్యవసాయ క్షేత్రాలనూ ఇచ్చారు. ఆ కొండల సొంత జాతి అయిన హెర్డ్‌విక్ గొర్రెల మందలను వాటిలో కొనసాగించాలన్నారు. మొదటి కోరిక ఒక రచయిత్రి జ్ఞాపకాన్ని కాపాడింది, రెండవది ఒక జీవనవిధానాన్ని. రెండవదే గొప్పదంటాను నేను. 2017లో యునెస్కో లేక్ డిస్ట్రిక్ట్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు, కొండలనూ సరస్సులనూ మాత్రమే కాక, అక్కడి గొర్రెల పెంపకపు సంప్రదాయాన్నీ లెక్కలోకి తీసుకున్నది.

రాయి తనంతట తాను చాలాకాలమే నిలుస్తుంది. దానిని ఇల్లుగా నిలిపేది మాత్రం తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసి, మందవెంట కొండెక్కే మనిషి. ఆ మనిషికి చోటులేని పరిరక్షణ ఎంత శ్రద్ధగా చేసినా సగం పనే. మీరేమంటారు?