చదువదగిన పుస్తకములు: పాటకు చేరవచ్చిన నిప్పుతొండలు

సంగీతమహిమతో గూడిన అద్భుతకథలయందు మక్కువగల సోదరీమణులకు ఈ మాసము మూడు పుస్తకములను చూపుచున్నాము. ఆంగ్లమున ఆన్ మెకాఫ్రీ యను రచయిత్రి వ్రాసిన ‘డ్రాగన్‌సాంగ్’ (1976), ‘డ్రాగన్‌సింగర్’ (1977), ‘డ్రాగన్‌డ్రమ్స్’ (1979) అనునవి యవి. ఈమె 1926లో అమెరికాలో జనించి, 1970లో ఐర్లాండునకు పోయి స్థిరపడి, 2011లో గతించినది. కల్పనారచనకు హ్యూగో బహుమానమును పొందిన స్త్రీలలో ఈమె ప్రథమురాలు (1968).

కథ జరుగునది పెర్న్ అను వేఱొక గ్రహమున. అచట ఆకాశమునుండి వెండిదారములవంటి వస్తువు రాలి, తాకిన పైరును ప్రాణిని దహించును. దానిని గగనముననే కాల్చివేయుటకై నిప్పు గ్రక్కు డ్రాగనులపై వీరు లెక్కి పోవుదురు. ఆ యాపద వచ్చినపుడు ఎట్లు మెలగవలెనో, ఎవరి ధర్మ మేదియో పిల్లలు పాటలుగా నేర్తురు. కావున అచట గాయకుడే గురువు, వార్తాహరుడు, పూర్వచరిత్ర నెఱిగినవాడు.

అట్టి లోకమునందును ఆడుపిల్ల పాట కట్టరాదట! మన పింగళి సూరన కళాపూర్ణోదయమున నారదుడంతటివాడు తుంబురుని మించ గోరి శ్రీకృష్ణుని దేవులయొద్ద గానము నేర్చెను గదా. ఆ కావ్యము చదివినవారికి ఈ కట్టుబాటు మఱింత వింతగా తోచును.

కథానాయిక మెనాలీ పదునైదేండ్ల బాలిక, చేపలు పట్టి జీవించు రేవునకు అధిపతి కూతురు. ఊరి ముసలి గాయకుడు గతింపగా, క్రొత్తవాడు వచ్చువఱకు పిల్లలకు పాఠము చెప్పువారు ఈమె తప్ప వేఱొకరు లేరు. అయినను తానుగా కట్టిన వరుసను పలికినందుకు తండ్రి కొట్టెను. పిమ్మట చేపలు కోయుచుండ కత్తి జాఱి ఆమె చేయి తెగినది. తల్లి కట్టు కట్టినది, మందు వేసినది, ఇక వాద్యము వాయింపజాలవని తేల్చి చెప్పినది. తండ్రి దెబ్బలకంటె ఈ తల్లి నెమ్మదియే మమ్ము బాధించినది. ఆమె దుష్టురాలు కాదు, ఇంటెడు పనిని చక్కబెట్టు సమర్థురాలు. పరువునకు వెఱచినది, అంతియే. ఇట్టి తల్లులను మనము ఎఱుగనివారమా? పెండ్లినాడు గవిసెన తొడిగిన వీణలు మా వీధిలోనే రెండున్నవి, నేటివఱకు ఎవరును విప్పలేదు.

మెనాలీ ఇల్లు విడిచి సముద్రపుటొడ్డున గుహలో తల దాచుకొనును. అచట చిట్టి రెక్కలుగల నిప్పుతొండల గుడ్లు పగులును. పైన దారములు రాలుచుండగా ఆకటితో బయటికి ఎగురబోవు కూనలకు ఆమె మేత పెట్టి ఆపును. తొమ్మిది కూనలు ఆమెను విడువక అంటుకొనును. క్రమముగ ఆమె పాడగా అవి పైస్థాయిలో శ్రుతి కలిపి వంత పాడును. మహిమ యనగా ఇంతియే. మంత్రము పలికినంతనే కొండలు పగులవలెనని కోరువారికి ఇది చాలకపోవచ్చును. మాకు మాత్ర మిదియే నచ్చినది. ఇచటి విద్యకు సాధన కావలయును, గాయము మానిన చేతి వ్రేళ్లు చాచినపుడెల్ల నొప్పి పెట్టును.

రెండవ పుస్తకము గాయకుల విద్యాశాలలో జరిగిన కొలది దినముల కథ. ముసలి గాయకుడు పంపిన క్రొత్త పాటల కర్త యెవరో యని ప్రధానాచార్యుడు రాబింటన్ వెదకుచుండెను. ఆ కర్త ఆడుపిల్ల యని తెలిసిన పిదప అచటివారిలో కొందఱు ఆదరించిన తీరు, కొందఱు మూతి ముడిచిన తీరు చదివి తీరవలసినవి. మూడింటిలో ఉత్తమ మిదియే. మూడవదానిలో కథ పీమర్ అను బాలునిది. బాల్యకంఠము మాఱి పాట దూరమైన వానిని వార్తలు పంపు దుందుభులయొద్ద నుంచుదురు. అది సరదాగా నడచును గాని, మెనాలీ ప్రక్కకు తొలగుట మాకు లోటుగ తోచినది.

ఉన్నతపాఠశాలలో చదువు బాలికకు ఈ యాంగ్లము కష్టము కాదు. మొదట కల్పితపదములు కొన్ని అడ్డుపడును, వానియొద్ద ఆగక సాగిపోవలెను. పసిపిల్లలకు చెప్పునపుడు దెబ్బల ఘట్టమును తేలికగ దాటింపుడు. రెండవ పుస్తకమును చేత నుంచుకొనియే మొదటిదానిని విప్పుడు, అది ముగిసిన చోట ఆగుట కష్టము.